తిన్న తరువాత మూడు పూటలా: పిల్లల ఆస్పత్రిలో అడగవలసిన రెండు ప్రశ్నలు



పిల్లవాడికి జ్వరమో చెవిపోటో వస్తే డాక్టరుగారు మందుచీటీ రాసిస్తారు. మందు పేరు పక్కన చాలాసార్లు ఒక మాట ఉంటుంది: 'తిన్న తరువాత, మూడు పూటలా'. ఆ చిన్న మాటలో ఒక నమ్మకం ఉంది. ఆ ఇంట్లో మూడు పూటలా పొయ్యి వెలుగుతుందన్న నమ్మకం అది. నిజంగా వెలుగుతుందా లేదా అని డాక్టరు అడగరు, తల్లి తనంతట తాను చెప్పదు. రెండు పూటలే తిన్న పిల్లవాడికి మందు రెండుసార్లే పడుతుంది. లేదా ఖాళీ కడుపున పడి వాంతి అవుతుంది. మందు పని చేయలేదనుకుని వాళ్లు మరో ఆస్పత్రి వెతుక్కుంటారు.

ఇంట్లో తిండి సరిపోతోందా అన్న ప్రశ్నను వైద్యంలో భాగం చేయాలని అమెరికాలోని పిల్లల వైద్యులు సుమారు పదిహేనేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. దాన్ని అక్కడ ఆహార అభద్రత స్క్రీనింగ్ అంటారు. అది ఎలా పని చేస్తుంది, ఎక్కడ తడబడుతుంది, దానం చేసే మనబోటి వాళ్లు అందులో నేర్చుకోవలసినది ఏమిటి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాము.

మేము వైద్యులం కాము, ఉపాధ్యాయులం. ఉదయం ప్రార్థన వేళ కళ్లు తిరిగి కూలబడే పిల్లలను, రెండో పీరియడ్‌కే కడుపునొప్పి అనే పిల్లలను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చినవాళ్లం. "పొద్దున ఏం తిన్నావు నాన్నా?" అంటే "చాయ్ తాగాను సార్" అన్న జవాబు మాకు కొత్త కాదు. ఆకలి తన పేరుతో తాను రాదు. కడుపునొప్పి పేరుతో, తలనొప్పి పేరుతో, 'వీడికి చదువు మీద శ్రద్ధ లేదు' అన్న ఫిర్యాదు పేరుతో వస్తుంది. ఆస్పత్రికి వచ్చేటప్పుడూ అంతే.

అర్జంట్ కేర్ గదిలో ఎందుకు అడగాలి

అమెరికాలో పిల్లలకు మామూలుగా ఒక కుటుంబ వైద్యుడో, పిల్లల డాక్టరో ఉంటారు. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాలి. సాయంత్రాలు, ఆదివారాలు ఆ క్లినిక్‌లు చాలావరకు మూసి ఉంటాయి. అలాంటప్పుడు జ్వరం, చెవినొప్పి, విరేచనాలు, చిన్న గాయం వంటివాటికి నేరుగా వెళ్లగలిగే చోటును అర్జంట్ కేర్ అంటారు. ప్రాణాపాయం ఉంటే పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. అంత తీవ్రం కాని, రేపటిదాకా ఆగలేని జబ్బులకు అర్జంట్ కేర్.

పగలు పని మానుకుంటే కూలి పోయే తల్లిదండ్రులకు సాయంత్రం తెరిచి ఉండే ఆస్పత్రే దిక్కు. కుటుంబ వైద్యుడు లేని పిల్లలకు కూడా చాలాసార్లు అదే గతి. అంటే తిండికి ఇబ్బంది పడే ఇళ్లలో కొన్ని ఈ గుమ్మం ఒక్కటే తొక్కుతాయి. ఇక్కడ అడగకపోతే మరెక్కడా అడిగేవారు ఉండరు.

కష్టం కూడా ఇక్కడే ఉంది. డాక్టరు కొత్త, నర్సు కొత్త. బిడ్డ ఏడుస్తుంటాడు, వెనక వరుసలో ఇంకా చాలామంది ఉంటారు. ఆ కాస్త సమయంలో ముఖపరిచయం లేని మనిషితో 'మా ఇంట్లో తిండి చాలడం లేదు' అని ఏ తల్లి చెబుతుంది? ఈ చిక్కుకు అక్కడివాళ్లు వెతికిన జవాబులు మనకూ పనికివస్తాయి.

ఆహార అభద్రత అంటే ఏమిటి

ఆహార అభద్రత అంటే పస్తులుండడం ఒక్కటే కాదు. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా, చురుకుగా ఉండడానికి కావలసినంత తిండి ఏడాది పొడవునా దొరుకుతుందన్న భరోసా డబ్బు కొరత వల్ల లేకపోవడం. అమెరికా ప్రభుత్వం 1995లో దీన్ని కొలవడం మొదలుపెట్టింది. పిల్లలున్న ఇళ్లలో 18 ప్రశ్నలు అడిగేవారు. 2023లో ఆ దేశంలో 13.5 శాతం ఇళ్లు, అంటే సుమారు 1 కోటీ 80 లక్షల కుటుంబాలు, ఈ లెక్కలోకి వచ్చాయి. పిల్లలున్న ఇళ్లను మాత్రమే తీసుకుంటే అది 17.9 శాతం. అంత సంపన్న దేశంలో పిల్లలున్న ప్రతి ఆరు ఇళ్లలో ఒకటికి పైగా ఈ పరిస్థితిలో ఉందన్నమాట.

ఇది మెట్లు మెట్లుగా దిగుతుంది. మొదట దిగులు మొదలవుతుంది: సరుకులు నెలాఖరు దాకా వస్తాయా అని. తరువాత పళ్లు, పాలు, మాంసం, కూరగాయలు తగ్గి, చౌకగా కడుపు నింపేవి పెరుగుతాయి. ఆ తరువాత పెద్దలు ఒక పూట మానేస్తారు, ముందుగా తల్లి. పిల్లల కంచంలో తగ్గేది అన్నిటికన్నా చివర. కాబట్టి పిల్లవాడిని చూసి ఇంట్లో తిండి ఉందో లేదో చెప్పలేము. బొద్దుగా ఉన్న పిల్లవాడి ఇంట్లోనూ ఈ ఇబ్బంది ఉండవచ్చు. చౌక తిండిలో పిండి, నూనె, చక్కెర ఎక్కువ. ఒళ్లు పెరుగుతుంది గానీ రక్తంలో ఇనుము తక్కువగానే ఉంటుంది.

ఎమర్జెన్సీ వైద్యులకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. డబ్బా పాలు తాగే పసిబిడ్డ. డబ్బా అయిపోవస్తే తల్లి పొడి తగ్గించి నీళ్లు పెంచుతుంది. అలా ఎక్కువ నీళ్లు పోతే బిడ్డ రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. అప్పుడు ఫిట్స్‌కు వైద్యం చేసి పంపిస్తే సరిపోదు. ఎన్ని నీళ్లకు ఎన్ని చెంచాల పొడి వేస్తున్నారని అడగాలి. ఎందుకు తగ్గించారని అడగాలి. లేకపోతే వచ్చే నెలాఖరుకు అదే బిడ్డ మళ్లీ అదే మంచం మీదకు వస్తుంది.

ఆ రెండు ప్రశ్నలు

రద్దీగా ఉండే ఆస్పత్రిలో 18 ప్రశ్నలు అడగడం కుదరదు. అందుకని పరిశోధకులు వాటిలోంచి రెండింటిని ఏరారు. ఈ పని 2010లో పిల్లల వైద్య పత్రిక 'పీడియాట్రిక్స్'లో వచ్చింది. దీన్ని 'హంగర్ వైటల్ సైన్' అంటారు. నాడి, జ్వరం చూసినట్టే ఆకలినీ చూడాలని ఆ పేరు. వాటి సారాంశం మన మాటల్లో ఇది:

ఒకటి: గడిచిన 12 నెలల్లో, మళ్లీ డబ్బు చేతికి వచ్చేలోగా ఇంట్లో తిండి అయిపోతుందేమోనని దిగులు పడ్డాము.

రెండు: గడిచిన 12 నెలల్లో, కొని తెచ్చుకున్న తిండి సరిపోలేదు, మళ్లీ కొనడానికి డబ్బు లేకపోయింది.

ప్రతి దానికీ మూడు జవాబులు ఉంటాయి: తరచుగా నిజం, అప్పుడప్పుడు నిజం, ఎప్పుడూ నిజం కాదు. రెండిటిలో ఏ ఒక్కదానికైనా మొదటి రెండు జవాబులలో ఒకటి వస్తే ఆ ఇంటికి సాయం అవసరం కావచ్చని గుర్తిస్తారు. 2015లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మామూలు ఆరోగ్య పరీక్షల సమయంలో ఈ రెండు ప్రశ్నలూ అడగాలని సిఫారసు చేసింది. ఎమర్జెన్సీ, అర్జంట్ కేర్ విభాగాల్లో కూడా అడగడం ఆ తరువాత కొన్ని ఆస్పత్రులు చేపట్టాయి.

ఎంతవరకు నమ్మవచ్చు

స్క్రీనింగ్ అంటే రోగనిర్ధారణ కాదు, జల్లెడ. బడిలో కంటి పరీక్ష పెట్టి బోర్డు మీది అక్షరాలు చదివిస్తాము. చదవలేని పిల్లలను కంటి డాక్టరు దగ్గరకు పంపుతాము. వాళ్లందరికీ అద్దాలు అవసరం కాకపోవచ్చు. ఇదీ అలాంటిదే.

2010 నాటి అధ్యయనంలో మూడేళ్లలోపు పిల్లలున్న 30,098 కుటుంబాల సమాచారం ఉంది. నిజంగా ఆహార అభద్రతలో ఉన్న ప్రతి 100 ఇళ్లలో ఈ రెండు ప్రశ్నలు 97 ఇళ్లను పట్టుకున్నాయి. అభద్రత లేని ప్రతి 100 ఇళ్లలో 83 ఇళ్లను లేవని సరిగా చెప్పాయి, 17 ఇళ్లను మాత్రం ఉన్నట్టు చూపాయి.

దీన్ని తరగతిలో చెప్పే లెక్కలా చేసి చూద్దాము. వెయ్యి కుటుంబాలు వచ్చాయనుకోండి. వాటిలో 180 ఇళ్లకు నిజంగా ఇబ్బంది ఉంది. 97 శాతం అంటే సుమారు 175 ఇళ్లు దొరుకుతాయి, 5 జారిపోతాయి. మిగిలిన 820 ఇళ్లలో 17 శాతం, అంటే సుమారు 139 ఇళ్లు కూడా జల్లెడలో నిలుస్తాయి. మొత్తం 314. వీటిలో నిజమైన ఇబ్బంది ఉన్నవి సగానికి కొంచెం ఎక్కువ.

అయితే సగం దాకా దానం వృథా అవుతుందా అని దాతలకు సందేహం రావచ్చు. రాకూడదు. ఆ 139 ఇళ్లలోనూ ఏదో ఒక దిగులు ఉండబట్టే అలా జవాబిచ్చారు. వాళ్లకు ఒక సరుకుల సంచి అదనంగా వెళితే నష్టం స్వల్పం. ఇబ్బందిలో ఉన్న ఇల్లు జారిపోతే జరిగే నష్టం అంతకన్నా పెద్దది. జల్లెడ ఎప్పుడూ జారవిడవకుండా ఉండేలా చూసుకోవాలి.

అడిగే తీరులోనే ఉంది

పై అంకెలు నెమ్మదిగా, పద్ధతిగా అడిగినప్పటివి. అదే ప్రశ్నను హడావిడిగా అడిగితే ఫలితం మారిపోతుంది. చికాగోలో జరిగిన ఒక అధ్యయనంలో మూడు జవాబులకు బదులు 'అవును, కాదు' అని రెండే ఇచ్చి చూశారు. ఇబ్బందిలో ఉన్నవారిలో దాదాపు పావు వంతు మంది జారిపోయారు. 'అప్పుడప్పుడు' అన్న మెత్తని మాట లేకపోతే 'అవును' అనడానికి నోరు రాదు.

ఇది ఉపాధ్యాయులకు కొత్త విషయం కాదు. "పాఠం అర్థం కానివాళ్లు చేతులెత్తండి" అంటే ఒక్క చెయ్యీ లేవదు. అదే చీటీ మీద పేరు లేకుండా రాయమంటే సగం తరగతి రాస్తుంది. ఆస్పత్రుల్లోనూ ఇదే తేలింది. నోటితో అడిగితే చెప్పని సంగతులను కాగితం మీద, లేదా చేతికిచ్చిన టాబ్లెట్‌లో ఎక్కువమంది చెబుతారు.

సిగ్గుతో పాటు భయం కూడా ఉంది. ఇంట్లో తిండి లేదని చెబితే బిడ్డను సరిగా చూసుకోవడం లేదని అధికారులు వచ్చి తీసుకుపోతారేమోనన్న భయం అమెరికాలోని పేద తల్లులకు బలంగా ఉంది. వలస వచ్చినవారికి వీసా భయం దీనికి తోడు. అందుకే అక్కడ జాగ్రత్తగా చేసేచోట ముందుగా కొన్ని మాటలు చెబుతారు: ఇది ఇక్కడికి వచ్చే ప్రతి కుటుంబాన్నీ అడుగుతాము, ఎందుకంటే పిల్లల ఆరోగ్యానికి తిండి ముఖ్యం, మీకు కావాలంటే సాయం ఉంది. 'ప్రతి కుటుంబాన్నీ' అన్న మాట చాలా ముఖ్యం. బట్టలు చూసి, పేరు చూసి కొందరినే అడిగితే ఆ ప్రశ్నే అవమానం అవుతుంది.

ఇంకో సంగతి. పెద్ద పిల్లల ముందు తల్లిని ఈ ప్రశ్న అడగకూడదు. తల్లి ఏమి దాచుకుంటోందో పిల్లలకు తెలుసు. అయినా వాళ్ల ముందు ఒప్పుకోవడం ఆమెకు కష్టం.

అడిగిన తరువాత

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. ప్రశ్న అడిగి, జవాబు రాసుకుని, ఊరుకుంటే అది వైద్యం కాదు. గాయం విప్పి చూసి కట్టు కట్టకుండా పంపినట్టు. అమెరికాలో 2021 అక్టోబరు నుంచి ఆహార అభద్రతను రోగి రికార్డులో రాయడానికి ప్రత్యేకంగా ఒక కోడ్ కూడా ఉంది. కోడ్ రాస్తే కడుపు నిండదు కదా.

బాగా చేసేచోట జరిగేది మూడు అంచెలు. మొదటిది, 'మీకు సాయం కావాలా' అని విడిగా అడగడం. ఇబ్బంది ఉందన్నవారందరూ సాయం కోరరు. అది వారి ఇష్టం, దాన్ని గౌరవించాలి. రెండోది, ఆ రాత్రికి పనికొచ్చేలా ఒక సంచి సరుకులు చేతికివ్వడం. మూడోది, శాశ్వత సాయానికి దారి చూపడం. అక్కడ సరుకులు కొనుక్కోవడానికి కార్డు ఇచ్చే స్నాప్, గర్భిణులకు, బాలింతలకు, అయిదేళ్లలోపు పిల్లలకు పోషకాహారం అందించే విక్ వంటి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. ఫోన్ నంబర్ల జాబితా చేతిలో పెట్టి పంపిస్తే చాలామంది ఫోన్ చేయరు. ఒక మనిషి పక్కన కూర్చుని దరఖాస్తు నింపించి, వారం తరువాత ఫోన్ చేసి కనుక్కుంటేనే పని పూర్తవుతుంది.

బోస్టన్ మెడికల్ సెంటర్ ఆస్పత్రి 2001లో తన ఆవరణలోనే ఒక ఆహార నిల్వ గది తెరిచింది. డాక్టరు మందుచీటీ రాసినట్టే ఆహారానికి చీటీ రాస్తారు. రోగి ఆ గదికి వెళ్లి సరుకులు తీసుకుంటాడు. డాక్టరు రాసిచ్చింది కాబట్టి తీసుకోవడంలో చిన్నతనం ఉండదు. ఇచ్చే సరుకు కూడా తినగలిగేదై ఉండాలి. హలాల్ పాటించే ఇంటికి పంది మాంసం డబ్బా, శాకాహారుల ఇంటికి మాంసం డబ్బా ఇస్తే ఆ సంచి మూల పడి ఉంటుంది. ఏమి తింటారని అడిగి ఇవ్వాలి.

మన దగ్గర ఈ ప్రశ్న ఎలా ఉండాలి

అమెరికా ప్రశ్నలను మాటకు మాట తెచ్చి మన క్లినిక్‌లో పెడితే సరిపోదు. 2013 ఆహార భద్రత చట్టం కింద తెల్లకార్డు ఇళ్లకు మనిషికి నెలకు 5 కిలోల చొప్పున తిండిగింజలు అందుతాయి. 2023 జనవరి నుంచి అవి ఉచితం. కాబట్టి 'తిండి అయిపోయిందా' అంటే మన తల్లి 'లేదు, బియ్యం ఉన్నాయి' అంటుంది. అది అబద్ధం కాదు. అన్నం ఉంది. అన్నంలోకి పప్పు లేదు, గుడ్డు లేదు, పాలు లేవు, ఆకుకూర లేదు. చారు నీళ్లతోనో పచ్చడితోనో పూట గడిచిపోతుంది.

దాని ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్లలోపు పిల్లలు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. తిండి కొరత ఒక్కటే దీనికి కారణం కాదు. నీళ్లు, పారిశుద్ధ్యం, నులిపురుగులు, తల్లి ఆరోగ్యం కూడా ఉన్నాయి. కానీ కంచంలో ఏముందన్నది పెద్ద కారణాలలో ఒకటి.

మన దగ్గర పిల్లల పోషణను చూసే పద్ధతి ఒకటి ఇప్పటికే ఉంది. అంగన్‌వాడీలో బరువు తూస్తారు, మోచేతి పైభాగం చుట్టుకొలత టేపుతో కొలుస్తారు. 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువ ఉంటే తీవ్రమైన పోషకాహార లోపం. ఇది తప్పక కావలసిన కొలతే. అయితే ఆ టేపు కొలిచేది పిల్లవాడి ఒంటిని. ఒళ్లు తగ్గిన తరువాతే టేపు ఎరుపు చూపిస్తుంది. ప్రశ్న కొలిచేది వంటింటిని. పిల్లవాడి దాకా నష్టం రాకముందే చెబుతుంది. రెండూ కావాలి.

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచమంతటా వాడే 8 ప్రశ్నల పద్ధతిలో, పోషకాలున్న తిండి తినలేకపోయారా, కొద్ది రకాల తిండితోనే సరిపెట్టుకున్నారా అన్న ప్రశ్నలు కూడా ఉన్నాయి. మనకు అటువంటివి బాగా సరిపోతాయి. "డబ్బులు లేక పప్పు, గుడ్లు, పాలు మానుకోవలసి వచ్చిన రోజులు ఉన్నాయా అమ్మా? తరచుగానా, అప్పుడప్పుడా, ఎప్పుడూ లేదా?" అని ఒక మాట కలిపితే బాగుంటుందని మా సూచన. ఇది పరీక్షకు నిలిచిన కొలత కాదు. వాడేముందు వైద్య కళాశాలల సామాజిక వైద్య విభాగం వారి సలహా తీసుకోవాలి.

దాతలకు మా విన్నపం

రంజాన్ నెలలో మన పేటల్లో రేషన్ కిట్లకు లోటుండదు. ఒక్కొక్క ఇంటికి రెండు మూడు కూడా చేరతాయి. ఆ తరువాతి పదకొండు నెలల సంగతి వేరు. ఆకలికి నెల అంటూ లేదు గానీ, వారం ఉంది. కాలిఫోర్నియాలో 2000 నుంచి 2008 దాకా ఆస్పత్రి చేరికలను పరిశీలిస్తే, పేద పేటల్లోని పెద్దవారు రక్తంలో చక్కెర పడిపోయి ఆస్పత్రిలో చేరడం నెల మొదటి వారంకన్నా చివరి వారంలో 27 శాతం ఎక్కువగా ఉంది. చేతిలో డబ్బు అయిపోయే వారం అది. మన ఇళ్లలోనూ నెల చివరి వారం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. దానం కొంత ఆ వారానికి కేటాయించండి.

ఉచిత క్లినిక్‌కు గానీ, పిల్లల ఆస్పత్రికి గానీ విరాళం ఇచ్చేటప్పుడు మంచం, యంత్రం, మందులతో పాటు మరో మూడు విషయాలకు ఇవ్వవచ్చు. ఒకటి, సాయంత్రం వేళ రెండు ప్రశ్నలూ అడగడానికి, తల్లి పక్కన కూర్చోవడానికి ఒక మనిషి జీతం. రేషన్ కార్డులో పేరు ఎలా చేర్చాలి, ఏ అంగన్‌వాడీలో పసిపిల్లలకు సరుకులు, మూడేళ్లు దాటినవారికి వేడి అన్నం పెడతారు, బడిలో మధ్యాహ్న భోజనం ఎలా అందుతుంది అన్నవి తెలిసిన ఆ పేట మహిళ అయితే మరీ మంచిది. రెండు, బియ్యం కాకుండా కందిపప్పు, గుడ్లు, వేరుశనగలు, నూనె, బెల్లం ఉన్న సంచి. మూడు, వారం తరువాత ఫోన్ చేసి 'అందిందా అమ్మా' అని అడిగే ఏర్పాటు.

ఒక్కటి మాత్రం వద్దని వినయంగా కోరుతున్నాము. ఆ సంచి ఇచ్చేచోట బ్యానరు, ఫొటో, వాట్సాప్ గ్రూపు ఉండకూడదు. రేపు తన బొమ్మ పేటలో తిరుగుతుందని తెలిస్తే ఏ తల్లీ ఈ ప్రశ్నకు నిజం చెప్పదు. ఆ మౌనంతో మనం పెట్టిన ఖర్చంతా నిష్ఫలం అవుతుంది.

మీరు విరాళమిచ్చే ఏ ఆస్పత్రినైనా వచ్చే నెల ఒక మాట అడగండి: ఇక్కడికి వచ్చే తల్లులను ఇంట్లో తిండి సంగతి అడుగుతున్నారా, ఇబ్బంది ఉందన్న తల్లి ఆ రాత్రి గుమ్మం దాటేటప్పుడు ఆమె చేతిలో ఏమి ఉంటోంది? ఆ రెండో మాటకు జవాబు లేకపోతే, మీ విరాళం అక్కడే మొదలు పెట్టండి.